ప్రతి శుక్రవారం ఇంటికి వచ్చేస్తున్నాను: ఎమ్మెస్సీ మొదటి ఏడాది ఇలాగే గడవాలా?

మహేంద్రతనయ_ఒడ్డు

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. డిగ్రీ వరకు ఇంటి నుంచే చదువుకున్నాను. ఈ ఏడాది రసాయనశాస్త్రం ఎమ్మెస్సీకి బరంపురంలో చేరాను. చదువుతున్న చోటు పేరు చెప్పను, ఎందుకంటే నా ఇబ్బందికి ఆ చోటు కారణం కాదు. హాస్టల్లో చేరి పది వారాలైంది. అందులో తొమ్మిది వారాలు, శుక్రవారం ప్రాక్టికల్ కాగానే సంచి భుజాన వేసుకుని బస్టాండుకు వెళ్ళిపోయాను. బస్సులో నాలుగు గంటలకు తక్కువ పట్టదు. రాత్రి పదింటికి ఇల్లు చేరితే అమ్మ వేడి అన్నం పెడుతుంది. వారం మొత్తంలో ఆ రాత్రి ఒక్కటే నాకు నిండుగా నిద్ర పడుతుంది. ఆదివారం తిరుగు బస్సు ఎక్కేటప్పటికి కడుపులో మెలిపెట్టినట్లు అవుతుంది.

ఒడియా నాకు రాదని కాదు. మా ఊరి బజారులో తెలుగు, ఒడియా రెండూ పక్కపక్కనే నడుస్తాయి. కానీ ఇక్కడ నేను నోరు తెరవగానే యాస తెలిసిపోతుంది. మొదటి వారంలో ఒక సందేహం అడిగినప్పుడు వెనక వరుసలో ఎవరో ‘తెలెంగా’ అని నవ్వారు. ఆ మాటలో ద్వేషం లేదని తెలిసినా, ఆ రోజు నుంచి తరగతిలో నోరు విప్పడం మానేశాను. అధ్యాపకులు ఇంగ్లీషులో మొదలుపెట్టినా, కష్టమైన చోటు రాగానే వివరణ ఒడియాలోకి మారుతుంది. గదిలో నాతో ఉండే అమ్మాయి కంధమాల్ కొండల నుంచి వచ్చింది. రోజంతా కలిపి పది మాటలు కూడా మాట్లాడదు.

నిన్న విభాగం గోడకు హాజరు పట్టిక అంటించారు. ఒక పేపరులో 40 తరగతులు జరిగితే నేను 27కే వెళ్ళాను. 75 శాతం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. నాన్న ఇది మానేసి వచ్చే ఏడాది విజయనగరంలో చేరమంటున్నారు. ఇంటికి వెళ్ళడం మానుకోవాలా, లేక నాన్న చెప్పినట్లు చేయాలా?

వంశధార_గట్టు

మానుకోవాలి. నేను గుణుపురం నుంచి వెళ్ళి చదువుకున్నవాడిని. నీళ్ళలోకి దిగందే ఈత రాదు. మీరు వారానికొకసారి గట్టెక్కి ఒళ్ళు తుడుచుకుంటున్నారు. దసరా వరకు ఇంటి వైపు చూడకండి. అమ్మగారితో రోజూ ఫోనులో మాట్లాడవచ్చు కదా.

రాయగడ_అమ్మ

పై మాటతో నేను ఏకీభవించను. మా అబ్బాయి భువనేశ్వర్‌లో చేరిన మొదటి ఏడాది, రాయగడలో రాత్రి హీరాఖండ్ రైలు ఎక్కించి పంపినప్పుడల్లా నేనూ ఇలాంటి ధైర్యవచనాలే చెప్పాను. ‘ఇప్పుడే రాకు, అలవాటు పడు’ అన్నాను. వాడు నా మాట విన్నాడు. మూడు నెలల తరువాత ఇంటికి వచ్చినప్పుడు చూస్తే పాంటు నడుము దగ్గర మడత పెట్టి బెల్టు బిగించుకుని ఉన్నాడు. అంత చిక్కిపోయాడు. మెస్సు అన్నం సయించడం లేదని ఒక్కసారీ చెప్పలేదు, ఎందుకంటే చెబితే నేను బాధపడతానని అనుకున్నాడట. పిల్లలు ఇంటికి రావడం తప్పు కాదు. వచ్చి ఏం చెబుతున్నారో, ఏం దాస్తున్నారో చూడవలసింది పెద్దవాళ్ళు.

వంశధార_గట్టు

మీ బాధ అర్థమైంది, కానీ హాజరు పోతే ఏడాది పోతుంది. ఆ సంగతి కూడా ఆలోచించాలి కదా.

పాతలెక్కల_మాస్టారు

ఈ వాదన పెరగకముందే ఆ అమ్మాయిని ఒక ప్రశ్న అడగనివ్వండి. నేను గంజాం జిల్లాలో చాలా ఏళ్ళు గణితం బోధించి పదవీ విరమణ చేశాను. అమ్మా, ఆ పేపరు తరగతులు వారంలో ఏ రోజుల్లో జరుగుతాయి? మీరు పోగొట్టుకున్న 13 తరగతులు ఏ రోజులవి? ఇంకా ఎన్ని వారాలు తరగతులు ఉన్నాయి?

మహేంద్రతనయ_ఒడ్డు

సోమ, బుధ, గురు, శనివారాల్లో ఒక్కొక్కటి చొప్పున వారానికి నాలుగు. శనివారం తరగతి ఉదయం పదకొండుకు అయిపోతుంది. నేను శుక్రవారమే బయలుదేరతాను కాబట్టి తొమ్మిది శనివారాలు పోయాయి. మిగిలిన నాలుగూ సోమవారాలు, ప్రయాణపు అలసటతో లేవలేకపోయిన రోజులు. ఇంకా ఐదు వారాలు మిగిలాయి.

పాతలెక్కల_మాస్టారు

ఇప్పుడు చూడండి. ఐదు వారాలంటే ఇంకా 20 తరగతులు. మొత్తం 60 అవుతాయి. అందులో 75 శాతం అంటే 45. మీ ఖాతాలో 27 ఉన్నాయి. ఇక రావలసినవి 18. అంటే మిగిలిన 20లో రెండు మాత్రమే పోగొట్టుకోవచ్చు. గట్టెక్కడానికి దారి ఉంది, కానీ అది ఇరుకైన దారి.

మీరు ఇంటికి వెళ్ళడం వల్ల హాజరు పోలేదు. శుక్రవారం వెళ్ళడం వల్ల పోయింది. శనివారం తరగతి ముగించుకుని పదకొండు దాటాక బస్సు ఎక్కినా, మూడు నాలుగు గంటలకల్లా ఇంట్లో ఉంటారు. ఆదివారం పొద్దు వాలకముందే తిరిగి వస్తే సోమవారం నిద్ర సరిపోతుంది. అలా వెళితే మీకు ఒక్క తరగతి కూడా పోదు. ఇంటికి వెళ్ళాలా వద్దా అన్న మాట తరువాత తేల్చుకోవచ్చు, ముందు బయలుదేరే రోజు మార్చండి. విభాగం కార్యాలయంలో మీ హాజరును పేపరువారీగా ఒకసారి రాయించుకుని తేదీతో సహా దగ్గర ఉంచుకోండి. ఆరోగ్యం బాగాలేక పోయిన రోజులు ఏవైనా ఉంటే వైద్యుని ధ్రువపత్రం అప్పటికప్పుడే ఇవ్వాలి. సెమిస్టరు చివర ఇస్తానంటే చాలాచోట్ల తీసుకోరు.

రెండో_ఏడాది

మాస్టారు చెప్పింది నిజం. నేను కూడా బరంపురంలోనే చదువుతున్నాను, మాది ఇచ్ఛాపురం. మాకు గంటలోపే ఇల్లు, కాబట్టి మొదటి సెమిస్టరులో నేను మరీ ఘోరంగా వారం మధ్యలో కూడా వెళ్ళిపోయేవాణ్ణి. ఒక విషయం అడగాలి, ఏమీ అనుకోకండి: సీనియర్లు ఎవరైనా వేధిస్తున్నారా? అందువల్లే శుక్రవారం కోసం ఎదురుచూస్తున్నారా? అలా అయితే విశ్వవిద్యాలయ అనుదాన సంఘం 2009 నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలోనూ ర్యాగింగ్ నిరోధక కమిటీ ఉండి తీరాలి. సంస్థలో చెప్పుకోలేకపోతే 1800-180-5522 ఉచిత నంబరుకు ఏ వేళలోనైనా ఫిర్యాదు చేయవచ్చు.

మహేంద్రతనయ_ఒడ్డు

లేదండీ, అటువంటిది ఏమీ లేదు. సీనియర్ అక్కలు పాత నోట్సు కూడా ఇచ్చారు. నాకే ఎవరితోనూ కలవడం చేతకావడం లేదు.

కొండగాలి_కొరాపుట్

నాన్నగారు విజయనగరం వెళ్ళమన్న మాట గురించి నేను చెప్పగలను, ఎందుకంటే మా నాన్నగారు కూడా అదే ఆలోచించి నన్ను విశాఖ పంపించారు. మాది కొరాపుట్‌లో మూడు తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబం. బడిలో ఒడియా మాధ్యమం. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, కానీ తెలుగు అక్షరాలు నాకు పద్దెనిమిదేళ్ళ దాకా రావు. విశాఖ వెళితే అందరూ మనవాళ్ళే అనుకుని రైలెక్కాను. మొదటి రోజే హాస్టల్లో ‘ఒరిస్సావాడు’ అన్న పేరు స్థిరపడింది. నేను ‘వంకాయ’ అనబోయి ‘బాయిగణ’ అన్నాను. దాన్ని సంవత్సరం పొడవునా గుర్తు చేశారు. నోటీసు బోర్డు మీద తెలుగులో రాసింది చదవలేక పక్కవాణ్ణి అడిగితే, వాడు నేను ఆటపట్టిస్తున్నానని అనుకున్నాడు. అక్కడ ఒడియావాణ్ణి, కొరాపుట్‌లో తెలుగువాణ్ణి. సరిహద్దు జిల్లాల్లో పుట్టిన మనకు ఏ వైపు వెళ్ళినా ఎవరో ఒకరు రెండో వైపు పేరు పెడతారు. మీరు బరంపురంలో విన్న ‘తెలెంగా’ విజయనగరంలో ఇంకో మాటగా వినబడుతుంది. దాని కోసం ఒక ఏడాది వదులుకోవద్దు.

తెలుగు రాయడం ఎలా నేర్చుకున్నానో కూడా చెబుతాను. నన్ను అందరికంటే ఎక్కువ ఆటపట్టించిన కుర్రాడి దగ్గరే నేర్చుకున్నాను. సాయంత్రం టిఫిను తరువాత, అతను దినపత్రిక మీద వేలు పెట్టి చదివించేవాడు. ఇప్పుడు ఈ వేదికలో ఇంత రాస్తున్నానంటే ఆ వేలు చలవే.

పర్లాకిమిడి_పాతబడి

ఆ అమ్మాయిది మా ఊరే కాబట్టి ఒక సంగతి గుర్తు చేస్తాను. గిడుగు రామమూర్తి గారు 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో అధ్యాపకులుగా చేరారు. తెలుగు, ఇంగ్లీషు వచ్చినవారికి అంతకుమించి అవసరం లేని రోజులవి. అయినా చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకోవాలని, ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని పదం పదం పట్టారు. ఆయన సవర భాషా గ్రంథాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకునేది ఆయన పుట్టినరోజునే. మన భాష కోసం అంత పోరాడిన మనిషి, పొరుగువాడి భాషను తన నోటితో తప్పుగా పలకడానికి సిగ్గుపడలేదు. వాళ్ళు దిద్దుతుంటే విని రాసుకున్నారు. మీ యాస మీద ఎవరైనా నవ్వితే, ‘సరైనది ఎలా అంటారు’ అని వాళ్ళనే అడగండి.

వంశధార_గట్టు

గిడుగు వారి సంగతి బాగుంది, కానీ ఆయన అప్పటికి ఉద్యోగస్తుడు. పరీక్ష నెత్తిమీద ఉన్న పిల్లకు ఇది ఎలా ఉపయోగపడుతుంది?

సిరొంచ_వాసి

ఉపయోగపడుతుంది, ఎలాగో నేను చెబుతాను. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ, ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. గడ్చిరోలిలో గోండ్వానా విశ్వవిద్యాలయం 2011లో వచ్చింది కాని, మా రోజుల్లో అంతా నాగపూర్ కిందే ఉండేది, కాబట్టి నాగపూర్ వెళ్ళాను. దీపావళికి తప్ప ఇల్లు చూసే వీలు లేదు. నాకు మరాఠీ వచ్చు అనుకుని వెళ్ళాను. నాగపూర్ తరగతిలో ఆ వేగానికి చెవి అందలేదు.

నేను చేసింది ఇది. తరగతిలో అందని మాటను చెవికి ఎలా వినబడితే అలా తెలుగు అక్షరాల్లో నోటు పుస్తకం అంచున రాసుకునేవాణ్ణి. తరగతి కాగానే పక్కనున్నవాడికి ఆ అంచు చూపించి, ‘ఈ నాలుగు మాటలకు అర్థం చెప్పు’ అనేవాణ్ణి. నాలుగంటే నాలుగే, ఎక్కువ అడిగితే విసుక్కుంటారు. సందేహం ఉంటే ముందే ఇంగ్లీషులో ఒక వాక్యంగా రాసుకుని, తరగతి అయ్యాక అధ్యాపకుల గదికి వెళ్ళి అడిగేవాణ్ణి. నలుగురి ముందు నోరు పెగలని పిల్లవాడు ఒక్కడే వచ్చి అడిగితే ఏ అధ్యాపకుడూ కాదనడు. రెండో సెమిస్టరుకు అంచులు ఖాళీగా మిగలడం మొదలైంది.

పాతలెక్కల_మాస్టారు

అధ్యాపకుడిగా నేను దీన్ని బలపరుస్తాను. మేము కష్టమైన చోట ఒడియాలోకి మారేది ఎవరినీ వదిలేయడానికి కాదు, ఎదురుగా ఉన్న పిల్లల ముఖాల్లో వెలుగు రావడం లేదని. ఒక అమ్మాయి వచ్చి ‘ఆజ్ఞా (అంటే అయ్యా), ఆ మెట్టు నాకు అందలేదు’ అంటే, మరునాడు ఆ మెట్టును ఇంగ్లీషులో ఇంకోసారి చెబుతాం. ఎవరూ చెప్పకపోతే మాకు తెలియదు. ఇంకొక మాట. ఒడియా పలుకుబడి మీరు అనుకున్నంత దూరం కాదు. తెలుగులాగే అది కూడా మాటను చాలావరకు అచ్చుతోనే ముగిస్తుంది. మన ‘ళ’ వాళ్ళకూ ఉంది. ‘పఖాళ’ (చద్దన్నం) అనే మాట మీరు పలికినంత శుభ్రంగా ఉత్తరాది విద్యార్థి పలకలేడు. అకారం దగ్గర నోరు కొంచెం గుండ్రంగా తిరగాలి, అంతే తేడా.

హాస్టల్_అప్ప

నేను శ్రీకాకుళం జిల్లా పిల్లని, నర్సింగ్ చదువు బరంపురంలో హాస్టల్లో ఉండి పూర్తి చేశాను, ఇప్పుడు ఉద్యోగం కూడా ఇక్కడే. హాస్టల్లో పెద్ద అమ్మాయిలను ఒడియావాళ్ళు ‘అపా’ అని పిలిచేవారు. మా ఇంట్లో అక్కను ‘అప్ప’ అంటాం. ఆ ఒక్క పిలుపుతో నాకు సగం బెంగ తగ్గింది, అందుకే ఈ పేరు పెట్టుకున్నాను.

అందరూ ఇల్లు, హాజరు, యాస గురించి చెప్పారు కాని, ఆ గదిలో ఉన్న రెండో అమ్మాయి గురించి ఒక్కరూ అడగలేదు. కంధమాల్ అమ్మాయి శని, ఆదివారాలు ఏం చేస్తుంది? అక్కడికి ఘాటీ ఎక్కి వెళ్ళాలి, వారం వారం వెళ్ళడం అయ్యే పని కాదు. మీరు తొమ్మిది శుక్రవారాలు సంచి సర్దుకుంటుంటే ఆ పిల్ల చూస్తూ కూర్చుంది. తను మాట్లాడదని మీరు అనుకుంటున్నారు. మీరు ఉండే మనిషి కాదని తను అనుకుంటూ ఉండవచ్చు.

నర్సుగా ఇంకొక మాట: కడుపులో మెలి, నిద్ర పట్టకపోవడం పది వారాలుగా ఉందంటే దాన్ని బెంగ అని వదిలేయకండి. వైద్యునికి చూపించండి. ఎవరితోనూ చెప్పుకోలేని రాత్రి వస్తే టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఉచితం, ఏ వేళకైనా పలుకుతారు.

రాయగడ_అమ్మ

అప్పా, నాకు తట్టని మాట చెప్పారు. నేను మా అబ్బాయి గదిలో ఉన్న పిల్లవాడి పేరు కూడా ఏడాది దాకా అడగలేదు.

వంశధార_గట్టు

దసరా వరకు వెళ్ళవద్దన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మాస్టారి లెక్క ప్రకారం శనివారం తరగతి తరువాత వెళ్ళడం సబబు. అయితే ప్రతి వారం మాత్రం వద్దు. హాస్టల్లో స్నేహాలు కుదిరేది తరగతుల్లో కాదు. శనివారం సాయంత్రం బట్టలు ఉతుక్కునే చోట, ఆదివారం అందరూ కలిసి గోపాలపురం సముద్రానికి వెళ్ళే ఆటోలో కుదురుతాయి. ఆ రెండూ ఆవిడ ఇంతవరకు చూడనే లేదు.

మహేంద్రతనయ_ఒడ్డు

ఈ వారం ఇంటికి వెళ్ళలేదు. అందరికీ జవాబు చెప్పాలని కూర్చున్నాను.

శుక్రవారం సాయంత్రం నేను సంచి తీయకపోయేసరికి మా గదిలోని కంధమాల్ అమ్మాయి మంచం మీద నుంచి లేచి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. పది వారాల్లో తనంతట తానుగా అడిగిన మొదటి ప్రశ్న అది. అప్ప చెప్పిన మాట మనసులో ఉంది కాబట్టి, మీరు శనివారాలు ఏం చేస్తారని అడిగాను. గది ఊడుస్తాను, లైబ్రరీకి వెళతాను, రాత్రి దీపం ఆర్పకుండా పడుకుంటాను అన్నది. ఒంటరిగా చీకట్లో నిద్ర పట్టదట.

తరువాత నేను నీళ్ళ సీసా అందుకోబోతే అది ఖాళీగా ఉంది. నాకు వింతగా అనిపించింది, ఎందుకంటే ఆదివారం రాత్రి నేను వచ్చేసరికి నా బల్ల మీద ఆ సీసా ఎప్పుడూ నిండుగా ఉండేది. శుక్రవారం నేనే నింపి మరిచిపోయి వెళ్ళాననుకునేదాన్ని. అది స్టీలు సీసా, మూత దగ్గర చిన్న సొట్ట ఉంటుంది, సొట్ట ఉన్న వైపు తిప్పితే మూత బిగుసుకోదు. ఆదివారాల్లో మాత్రం ఆ మూత సరిగ్గా బిగించి ఉండేది. రాత్రి ఎనిమిది తరువాత కింద కుళాయిలో నీళ్ళు రావు, నేను వచ్చేది తొమ్మిదికి. తొమ్మిది ఆదివారాలు తనే కిందకు దిగి నింపి పెట్టింది. ఎందుకు చెప్పలేదంటే, నీళ్ళకు చెప్పడం ఏమిటి అన్నది.

రాత్రి వాళ్ళ అమ్మతో ఫోనులో మాట్లాడుతుంటే విన్నాను. వాళ్ళ ఇంటి భాష కుయి. బడికి వెళ్ళాకే ఒడియా నేర్చుకున్నదట, తన యాస మీద కూడా నవ్వారట. నేను ఇన్నాళ్ళూ తనను ఒడియావాళ్ళ జట్టులో లెక్కవేసుకున్నాను. ఇంటిని వాళ్ళు ‘ఇడు’ అంటారు, కంటిని ‘కను’ అంటారు. ఇల్లు, కన్ను అని మా మాటలు చెబితే పైకే నవ్వింది. ఒడియాలో మేమిద్దరం తప్పులు మాట్లాడుకుంటూ పదకొండు దాకా కూర్చున్నాం, దీపం ఆర్పి పడుకున్నాం.

సిరొంచ వారు చెప్పినట్లు పుస్తకం అంచున మాటలు రాస్తున్నాను. శనివారం తరగతి తరువాత తను వాటికి అర్థం చెప్పింది, తనకు తెలియని ఒకటి ఇద్దరం కలిసి అధ్యాపకుల గదికి వెళ్ళి అడిగాం. కడుపు నొప్పికి మాత్రం డాక్టరుకు చూపించుకోవాలి, బుధవారం వెళతాను. నాన్నతో ఇంకా తేలలేదు. కొరాపుట్ వారి విశాఖ సంగతి ఫోనులో చదివి వినిపించాను. ‘సరే, పరీక్షలు కానీ’ అన్నారు.

హాస్టల్_అప్ప

డాక్టరు దగ్గరికి తనను కూడా వెంట తీసుకెళ్ళండి. ఒక్కరే వెళ్ళవద్దు.

రాయగడ_అమ్మ

ఈసారి మీరు ఇంటికి వెళ్ళే శనివారం ఆ పిల్ల దీపం సంగతి ఏమిటి? కుదిరితే ఒకసారి మీతో పర్లాకిమిడి తీసుకెళ్ళండి. మీ అమ్మగారిని నా మాటగా అడగండి.

మహేంద్రతనయ_ఒడ్డు

అమ్మను అడిగాను. వచ్చే శనివారం తరగతి అయ్యాక ఇద్దరం బయలుదేరుతున్నాం. మాస్టారూ, ఈ వారం నాలుగు తరగతులకూ వెళ్ళాను. 44కు 31.

పాతలెక్కల_మాస్టారు

అయితే ఇక 16లో 14 రావాలి. సోమవారం ఎన్ని గంటలకు లేచారో కూడా రాయండి.